అరకు కాఫీ – సంచి మీద ఊరి పేరు

 

పోయిన సంచికలో నేను వానపాముల గురించి రాసిన. ఈసారి కాఫీ గురించి రాస్తున్న. "మన నారాయణఖేడ్ దిక్కు కాఫీ చెట్టే లేదు, దాని గురించి మనకెందుకు?" అని మీరు అడగవచ్చు. నేను కూడా మొదట అట్లనే అనుకున్న. దయచేసి చివరిదాకా చదవండి.

సంక్రాంతి సెలవులకు మన సైన్స్ సార్ విశాఖపట్నం పోయి, అక్కడినుంచి రైలెక్కి అరకు చూసి వచ్చిండ్రు. ఆ రైలు కొండల నడుమ యాభైకి పైగా సొరంగాలల్ల దూరిపోతదట. సార్ వస్తూ ఒక కాఫీ పొట్లం తెచ్చిండ్రు. ఆదివారం పొద్దున వంట అక్క నీళ్లు మరగబెట్టి, పొడి వేసి, మూత పెట్టి, తెల్లగుడ్డల వడగట్టింది. గోడపత్రిక పని చేసే పది మందిమి తలా అర గ్లాసు తాగినం. సార్ ముందు పాలు కలపనియ్యలేదు. "అసలు రుచి ఏందో చూడండి" అన్నరు. ఒకడు "ఇది జరానికి తాగే కషాయం లెక్కున్నది" అని మొఖం వంకర పెట్టిండు. నాకు మొదటి గుక్క చేదు కొట్టింది. రెండో గుక్కకు ఏదో పండు వాసన వచ్చినట్టు అనిపించింది. తర్వాత అందరం పాలు, చక్కెర పోసుకున్నం, అది వేరే సంగతి.

ఖాళీ పొట్లం నా చేతికి వచ్చింది. దాని మీద "అరకు" అని ఊరి పేరు ఉన్నది. గిరిజన రైతులు పండించినది అని కూడ ఉన్నది. అది చూసినంక నాకు మా బాపు యాదికొచ్చిండు.

పోయిన వినాయక చవితికి ఇంటికి పోయినప్పుడు బాపుతోని పెసర్లు అమ్మనీకి పోయిన. మూడు సంచులు. యాడి రెండు రోజులు కూసొని మట్టిపెళ్లలు, రాళ్లు ఏరి, చాటతో చెరిగి శుభ్రం చేసింది. సేటు చెయ్యి పెట్టి చూసి తేమ ఉన్నదన్నడు, తరుగు తీసిండు. కాంటా అయినంక మా పెసర్లను పెద్ద రాశి మీద గుమ్మరించిండ్రు. రెండు నిమిషాలల్ల మా పెసర్లు ఏవో, పక్క ఊరోళ్లవి ఏవో తెలవకుండ పోయింది. యాడి ఏరిన పెసర్లు, ఎవరో ఏరకుండ తెచ్చిన పెసర్లు అన్నీ ఒక్కటే అయినయి. విత్తనాలకు, ఎరువు బస్తాలకు బాకీ ఆ సేటు దగ్గరనే ఉన్నది గనుక బాపు ఏమీ అనలే.

నేను సార్‌ను అడిగిన, "సార్, కాఫీ పొట్లం మీద ఊరి పేరు ఉన్నది. మా సంచి మీద మా తండా పేరు ఎందుకు లేదు?" సార్ జవాబు చెప్పలే. "నువ్వే తెలుసుకొని గోడపత్రికల రాయి" అన్నరు. లైబ్రరీల పుస్తకాలు, సార్ ఇచ్చిన కాగితాలు చదివి, అర్థం కానిది అడిగి రాస్తున్న.

కాఫీ అంటే ఏమిటి?

చాలామంది కాఫీ గింజ అంటే చిక్కుడు గింజ లాంటిదని అనుకుంటరు. కాదు. కాఫీ ఒక పండు. చెట్టు మీద పచ్చగ కాసి, పండినప్పుడు ఎర్రగ రేగుపండంత ఉంటది. లోపల రెండు గింజలు ముఖాముఖి అంటుకొని ఉంటయి. కొన్ని పండ్లల్ల ఒక్కటే గింజ గుండ్రంగ ఉంటది. దాన్ని పీబెర్రీ అంటరు.

కాఫీలో ముఖ్యమైనవి రెండు రకాలు. ఒకటి అరబికా, రెండోది రోబస్టా. అరబికా చల్లటి ఎత్తు కొండల మీద బాగా పండుతది, వాసన ఎక్కువ, చేదు తక్కువ. రోబస్టా కొంచెం తక్కువ ఎత్తుల కూడ పండుతది, గట్టి చెట్టు, చేదు ఎక్కువ. అరకులో పండేది చాలావరకు అరబికా.

అరబికా పుట్టిల్లు ఆఫ్రికా ఖండంలోని ఇథియోపియా కొండలు. అక్కడినుంచి యెమెన్ దేశానికి పోయింది. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు మక్కా యాత్రకు పోయి వస్తూ యెమెన్ నుంచి 7 గింజలు దాచి తెచ్చి, కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల మీద నాటినాడని చెప్పుకుంటరు. ఆ కొండలకు ఇప్పటికీ ఆయన పేరే ఉన్నది. నేటికీ మన దేశపు కాఫీలో ఎక్కువ భాగం కర్ణాటకలోనే పండుతుంది.

అరకుకు కాఫీ ఎట్ల వచ్చింది?

అరకు లోయ తూర్పు కనుమలలో కలదు. ఇదివరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లా. జిల్లా కేంద్రం పాడేరు. సముద్రమట్టం నుంచి సుమారు 900 నుంచి 1100 మీటర్ల ఎత్తు. అక్కడ భగత, కొండదొర, వాల్మీకి, కొటియ, పోర్జ, గదబ మొదలైన గిరిజనులు ఉంటరు. మన తండాల భాష వేరు, వాళ్ల భాషలు వేరు. కాని సంతకు పోవుడు, సేటుకు బాకీ పడుడు మాత్రం వాళ్లకూ తెలిసిందే.

తూర్పు కనుమలలో మొట్టమొదట 1898లో బ్రోడీ అనే ఆంగ్లేయుడు గోదావరి ఏజెన్సీలోని పాములేరు లోయలో కాఫీ నాటించినాడు. స్వాతంత్ర్యం వచ్చినంక అటవీ శాఖ విశాఖ ఏజెన్సీ అడవులల్ల తోటలు వేసింది. 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడ్డది. గిరిజనులు తెచ్చే తేనె, చింతపండు, కుంకుళ్లు కొనుడు దాని పని. ఆ సంస్థ, తర్వాత పాడేరు ఐటీడీఏ, కాఫీ బోర్డు కలిసి గిరిజనుల సొంత భూములల్ల కాఫీ మొక్కలు పెట్టించినయి.

ఎందుకు పెట్టించిండ్రు అంటే పోడు తగ్గించనీకి. పోడు అంటే చెట్లు నరికి, కాల్చి, రెండు మూడేండ్లు పంట తీసి, సారం పోయినంక ఇంకో చోటికి పోవుడు. కాఫీకి చెట్లు నరకవద్దు. కాఫీ నీడలోనే బతుకుతది. పైన సిల్వర్ ఓక్ లాంటి పెద్ద చెట్లు, వాటి మొదళ్లకు అల్లుకున్న మిరియాల తీగలు, కింద కాఫీ. ఒక్క భూమిల మూడంతస్తుల పంట అన్నట్టు. వానకు మట్టి కొట్టుకపోదు. రాలిన ఆకే ఎరువు.

ఇంకొక మాట. అక్కడ పెద్ద పెద్ద జమీందారీ తోటలు లేవు. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు అమ్మరాదని 1970లో వచ్చిన చట్టం (1/70 అంటరు) ఉన్నది. అందుకే ఒక్కొక్క కుటుంబానికి ఎకరమో రెండెకరాలో సొంత తోట. ఇప్పుడు ఆ జిల్లాల రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉన్నది. లక్షన్నర గిరిజన కుటుంబాలు దాని మీద ఆధారపడి ఉన్నయి.

పండు నుంచి పొడి దాకా

1. పూత: మార్చి, ఏప్రిల్ నెలలలో ఒక మంచి వాన పడితే తొమ్మిది పది రోజులకు చెట్టు నిండ తెల్లటి పూలు పూస్తయి. మల్లెపూల వాసన వస్తది. ఆ వానను పూతవాన అంటరు. అది పడకపోతే ఆ ఏడు పంట లేనట్టే.

2. కాయ: పూత నుంచి పండు దాకా ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుంది. మొక్క నాటినంక మొదటి పంటకు మూడు నాలుగేండ్లు ఆగాలె.

3. కోత: నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఒక్క కొమ్మ మీదనే పచ్చికాయ, దోరకాయ, ఎర్రపండు కలిసి ఉంటయి. ఎర్రపండు మాత్రమే ఏరి తెంపాలె. అందుకని ఒక్కొక్క చెట్టు దగ్గరికి నాలుగైదు సార్లు పోవాలె. సీతాఫలమైతే కండ్లు తెరిచినంక తెంపి గడ్డిల పెడితే మాగుతది. పచ్చిగ తెంపిన కాఫీ గింజకు ఎన్ని రోజులు దాచినా రుచి రాదు.

4. తొక్క తీసుడు: తెంపిన రోజే మిషన్‌ల వేసి పైతొక్క తీయాలె. మర్నాటికి ఉంచితే పులిసి వాసన మారుతది.

5. నానబెట్టుడు, కడుగుడు: గింజకు జిగురు ఉంటది. సుమారు ఒక రోజు, చలి ఎక్కువుంటే ఒకటిన్నర రోజు తొట్టిల ఉంచితే జిగురు విడుతుంది. తర్వాత మంచినీళ్లతో కడుగుతరు.

6. ఎండబెట్టుడు: మట్టి తగలకుండ మంచెల మీదనో, పట్టాల మీదనో ఎండబెట్టి, రోజుకు ఎన్నోసార్లు కలియబెడుతరు. తేమ నూటికి పది, పదకొండు వంతులకు రావాలె. ఇప్పుడు గింజ మీద పలుచని తోలు ఉంటది. మిల్లుల ఆ తోలు తీసి, సైజుల వారీగ జల్లెడ పడుతరు.

7. వేపుడు: ఇప్పటిదాకా గింజ పచ్చ బూడిద రంగుల ఉంటది, కాఫీ వాసనే రాదు. రెండు వందల డిగ్రీలు దాటిన వేడిల వేపితేనే ఆ రంగు, ఆ వాసన వస్తయి. తర్వాత పొడి చేస్తరు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సుమారు 6 కిలోల పండ్లకు 1 కిలో పచ్చి గింజ వస్తది. వేపినంక అందులో ఆరో వంతు దాకా బరువు తగ్గుతది. అంటే ఒక అక్క రోజంత వంగి లేచి 60 కిలోల పండ్లు తెంపితే, చివరికి ఎనిమిది కిలోల చిల్లర పొడి వస్తుందన్న మాట. మనం తాగిన అర గ్లాసు వెనుక ఎన్ని చేతులున్నయో ఆలోచించండి.

"ఒకే చోటి కాఫీ" అనగానేమి?

దుకాణాలలో దొరికే చాలా కాఫీ పొడులు కలగూరలు. నాలుగైదు చోట్ల గింజలు కలుపుతరు. కొన్నింటిలో చికోరీ అనే దుంపవేరు పొడి కూడ కలుపుతరు. అది తప్పు కాదు, పొట్లం మీద రాసే కలుపుతరు, కొందరికి ఆ రుచే ఇష్టం. మన హాస్టల్ సాంబారు లాగా అనుకోండి. సొరకాయ, టమాట, మునక్కాయ అన్నీ ఉంటయి, బాగనే ఉంటది. కాని ఏ కూరగాయ ఎవరి చేన్లది అంటే చెప్పలేము.

ఒకే చోటి కాఫీ అంటే ఒక్క కొండప్రాంతంలో పండినవే, వేరేవి కలపనివి. ఆ మట్టి, ఆ ఎత్తు, ఆ వాన, ఆ నీడ అన్నీ ఆ రుచిలో తెలుస్తయి. ఎత్తు ఎందుకు ముఖ్యమంటే, చల్లగ ఉంటే పండు నెమ్మదిగ పండుతది. నెమ్మదిగ పండినకొద్దీ గింజ గట్టిపడి, లోపల తీపి, పులుపు ఎక్కువ చేరుతయి. అరబికాకు 15 నుంచి 25 డిగ్రీల చలువ కావాలె. మన దగ్గర ఎండాకాలం 40 దాటుతది. అందుకే మన చేన్లల్ల కాఫీ పండదు. మన నల్లరేగడిల పెసర, కంది, జొన్న పండినట్టు అక్కడ పండవు. ఏ నేల బలం ఆ నేలది.

రుచికి మార్కులు వేసేటోళ్లు కూడ ఉన్నరని చదివి నాకు నవ్వొచ్చింది. వరుసగ కప్పులు పెట్టి, చెంచాతో జుర్రుమని పీల్చి, ఉమ్మేసి, 100కు మార్కులు వేస్తరు. 80 దాటితే ప్రత్యేక రకం అని అర్థం. మనకు 35 వస్తే పాస్. కాఫీకి 80 వస్తేనే ఫస్ట్ క్లాస్!

మరి పేరు ముందునుంచి ఎందుకు లేదు?

ఇక్కడ నాకు తెలియని చరిత్ర తెలిసింది. 1942లో కాఫీ చట్టం వచ్చింది. అప్పటినుంచి దేశంలో రైతులు పండించిన కాఫీని కాఫీ బోర్డుకే ఇవ్వాలె. బోర్డు అందరిదీ ఒక్క రాశిల కలిపి వేలం వేసి, వచ్చిన డబ్బు పంచేది. ధర ఒక్కసారే పడిపోకుండ రైతులకు అది కొంత రక్షణ. కాని కలిసిపోయినంక ఎవరి గింజ ఏదో తెలవదు. బాగా ఏరినోళ్లకు ప్రత్యేకంగ గుర్తింపు రాదు. 1990లలో ఆ పద్ధతిని మెల్లగ సడలించి, 1996 నాటికి రైతులు ఇష్టమున్న చోట అమ్ముకోవచ్చు అన్నరు.

స్వేచ్ఛ వచ్చింది, దానితోపాటు భయం కూడ వచ్చింది. అరబికా ధర న్యూయార్క్ మార్కెట్ల నిర్ణయమైతది. బ్రెజిల్ దేశంల మంచు పడి పంట పోతే ధర పెరుగుతది, అక్కడ బాగా పండితే పడిపోతది. 2001 ప్రాంతంలో ముప్పై ఏండ్లల్ల లేనంత కిందికి పడ్డది. అరకు కొండ మీద ఉన్న రైతుకు బ్రెజిల్ ఎక్కడుందో తెలవకున్నా నష్టం మాత్రం వచ్చింది. రాశిల కలిసిపోయిన సరుకుకు రాశి ధరే దిక్కు. పేరున్న సరుకును వెతుక్కుంటూ వచ్చేటోళ్లుంటరు. పేరు విలువ అది.

సంఘం ఏం చేసింది?

పేరు ఊరికే రాదు. అప్పటిదాకా చాలామంది రైతులు పచ్చి, ఎరుపు అన్నీ ఒక్కసారే దూసి, నేల మీద ఎండబోసి, సంతల వచ్చిన ధరకు అమ్మేటోళ్లు. గింజకు మట్టివాసన పట్టేది. "అరకు కాఫీ నాసిరకం" అనే మాట ఉండేది. చెట్టు మంచిదే, నేల మంచిదే. కోతలో, ఎండబెట్టుడులో పోయేది.

2000 తర్వాత నాంది ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ అరకులో కాఫీ రైతులతో పని మొదలుపెట్టింది. 2007లో రైతులు తమ పేరు మీదనే చిన్న, సన్నకారు గిరిజన రైతుల పరస్పర సహాయ సహకార సంఘం పెట్టుకున్నరు. ఇది 1995 నాటి చట్టం కింద ఏర్పడే సంఘం. ఇట్లాంటి సంఘంలో సభ్యులే యజమానులు. ఎకరం ఉన్నా, ఐదెకరాలున్నా ఒక మనిషికి ఒకటే ఓటు. ఇప్పుడు అందులో పదివేలకు పైగా రైతులున్నరు.

సంఘం చేసిన పనులు వినడానికి చిన్నవే. ఎర్రపండ్లు మాత్రమే కొంటమన్నరు. కోసిన రోజే ఊర్ల నుంచి పండ్లు తెచ్చి ఒక్క చోట తొక్క తీసి, కడిగి, ఎండబెట్టిండ్రు. రసాయన ఎరువుల బదులు పేడ, ఆకు కలిపి కంపోస్టు చేసిండ్రు. ఏ ఊరి పండ్లు ఏవో వేరు వేరుగ గుర్తు పెట్టిండ్రు. 2009 నుంచి బయటి దేశాల రుచి నిపుణులను పిలిచి ఊర్ల మధ్య పోటీ పెట్టి, గెలిచిన రైతులకు బహుమతులు ఇస్తున్నరు. మన స్పోర్ట్స్ డే లెక్క!

ఫలితం చూడండి. 2017లో ఫ్రాన్స్ దేశపు రాజధాని పారిస్‌లో "అరకు" పేరుతోనే కాఫీ దుకాణం తెరిచిండ్రు. 2018లో అక్కడే జరిగిన పోటీలో బంగారు పతకం వచ్చింది. 2019లో "అరకు లోయ అరబికా"కు భౌగోళిక గుర్తింపు దొరికింది. అంటే వేరే చోట పండిన కాఫీని ఆ పేరుతో అమ్మరాదు. 2023లో ఢిల్లీ జీ-20 సమావేశానికి వచ్చిన దేశాధినేతలకు ఇచ్చిన కానుకలలో అరకు కాఫీ ఉన్నది. 2025 మార్చిలో పార్లమెంటులో గిరిజన సహకార సంస్థ అరకు కాఫీ స్టాల్ పెట్టింది.

(గమనిక: గిరిజన సహకార సంస్థ ప్రభుత్వానిది. పైన చెప్పిన సంఘం రైతులది. రెండూ వేరు. రెండూ అరకు పేరుతో అమ్ముతయి. మనం తాగింది ప్రభుత్వ సంస్థ పొట్లం.)

అయితే అంతా బాగనే ఉన్నదని రాస్తే అబద్ధమవుతుంది. సంఘంలో లేని రైతులే ఎక్కువ. వాళ్లల్ల చాలామంది నేటికీ దళారులకే అమ్ముతున్నరు. పూతవాన ముందో వెనుకో పడితే పంట తగ్గుతది. 2025లో కాయతొలుచు పురుగు అరకు తోటలల్ల మొదటిసారి కనిపించింది. ఈ పురుగు గింజలోపలికే తొలుచుకపోతది. పురుగు పట్టిన కాయలన్నీ తెంపి నాశనం చేయవలసి వస్తది. పారిస్ దాకా పోయిన పేరుకు ఒక చిన్న పురుగు చాలు.

బాపు చెప్పిన మాట

ఇంతవరకు రాసి, వ్యాసం అయిపోయిందనుకున్న. పోయిన ఆదివారం వార్డెన్ సార్ ఫోన్ నుంచి బాపుతోని మాట్లాడిన. మీలో చాలామంది అమ్మానాయినల లెక్కనే మా బాపు, యాడి దీపావళి తర్వాత చెరుకు కొట్టనీకి పోయిండ్రు. కర్ణాటక దిక్కున్నరు. మేస్త్రి దగ్గర ముందుగాల తీసుకున్న అడ్వాన్స్ తీరేదాకా రారు.

నేను సంబురంగ చెప్పిన, "బాపూ, అరకుల పండు ఎర్రగయ్యేదాకా ఆగుతరట. ఒక్క చెట్టు కాడికి నాలుగైదు సార్లు పోతరట. అందుకే ధర వస్తదట."

బాపు కొద్దిసేపు ఏం మాట్లాడలే. తర్వాత మా భాషల అన్నడు, నేను తెలుగుల రాస్తున్న: "ఆగాలంటే ఇంట్ల పైసలుండాలె గదరా."

వెనుకనుంచి యాడి "తిన్నవా? దగ్గు తగ్గిందా?" అని అడిగింది. ఫోన్ పెట్టేసినం.

ఆ రాత్రి స్టడీ అవర్‌ల నేను రాసింది మళ్లీ చదివిన. ఒక ముఖ్యమైన సంగతి ఒదిలిపెట్టిన అని తెలిసింది. అరకు రైతులకు ఎర్రపండు మంచిదని ముందు తెలవదా? ఎందుకు తెలవదు! పిట్టకు కూడ తెలుసు, అది ఎర్రపండే తింటది. తెలిసి కూడ పచ్చికాయ ఎందుకు దూసిండ్రు అంటే, బియ్యానికి, బాకీకి పైసలు ఆ వారమే కావాలె కాబట్టి. నాలుగు వారాలు ఆగే ధైర్యం ఒక్క ఇంటికి ఉండదు. పండ్లు కొనే చోటు తమదే అయి, ఏరిన పండుకు ఎక్కువ ధర వస్తదని నమ్మకం ఉండి, పక్కింటోళ్లు కూడ ఆగితే అప్పుడు ఆగవచ్చు. సంఘం ఇచ్చింది ముఖ్యంగ ఆ ఓపిక. మిషన్లు, పతకాలు ఆ తర్వాత.

మా పెసర్ల సంగతి కూడ అదే. పెసర్లు బాగలేక కాదు. పంట వచ్చిన వారమే అమ్మాలె, బాకీ ఉన్న సేటుకే అమ్మాలె, రాశిల కలిసిపోవాలె.

కంది మన పక్కనే పేరు తెచ్చుకున్నది కూడ. 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరు ఎంత దూరం? జహీరాబాద్ దిక్కు డీడీఎస్ మహిళా సంఘాలు కొర్రలు, జొన్నలు, సామలు పండించి తామే దాచుకొని, తామే అమ్ముకుంటున్నరు. అంటే కొండ మీదనే కాదు, మన నేల మీద కూడ అయ్యే పనే.

మీకు తెలుసా?

* కాఫీ చెట్టును వదిలేస్తే చాలా ఎత్తు పెరుగుతది. తెంపనీకి వీలుగ ఉండాలని కొమ్మలు కత్తిరించి మనిషి ఎత్తుల ఉంచుతరు.
* ప్రపంచంలో ఎక్కువ కాఫీ పండించే దేశం బ్రెజిల్. రెండోది వియత్నాం.
* 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లో అరబికా ధర అంతకుముందు ఎన్నడూ లేనంత పైకి పోయింది. 2001లో పడ్డదీ ఆ మార్కెట్లోనే.

మిత్రులారా, మీతో ఒక పని

వచ్చే సంచిక కోసం మీ అందరి సాయం కావాలె. నోటీసు బోర్డు కింద అట్టపెట్టె పెట్టినం. మీ తండాల ఏ పంట బాగా పండుతది, ఎవరు ఏరుతరు, ఏ నెలల అమ్ముతరు, ఎవరికి అమ్ముతరు, ఎంతకు అమ్ముతరు, అదే సరుకు ఖేడ్ దుకాణంల ఎంతకు దొరుకుతది, ఈ ఆరు సంగతులు కాగితం మీద రాసి వేయండి. మీ పేరు రాయకున్నా మంచిదే, తండా పేరు మాత్రం తప్పక రాయండి. సేట్ల పేర్లు రాయకండి, మనకు కొట్లాట వద్దు, లెక్క కావాలె. లెక్కల సార్ అన్నీ కలిపి పట్టిక చేయిస్తమన్నరు.

వార్డెన్ సార్‌కు ఒక మనవి. మన హాస్టల్‌కు నెలకు ఎన్ని కిలోల పెసరపప్పు వస్తదో, ఏ ఊరి నుంచి వస్తదో దయచేసి తెలుపగలరు. అవి మా తండా పెసర్లేనేమో అని పప్పు తిన్నప్పుడల్ల అనిపిస్తున్నది. సంచి మీద పేరు లేదు గనుక తెలుసుకోలేకపోతున్న.

తప్పులుంటే మన్నించగలరు.

– తొమ్మిదవ తరగతి విద్యార్థి, గోడపత్రిక కమిటీ